ఎనిమిది అడుగుల దారి

ప్రియమైన అక్కకు,

ఫోనులో నేను ఇల్లు అంటే నీకు పిల్లి అని వినపడుతోంది. అందుకే కాగితం తీశాను. ఇల్లు చూశామే! పిల్లిని కాదు.

ఊరి చివర రెండు చోట్లు చూశాం. ఒకటి పాతపేట, రెండోది దానికి ఆనుకునే ఉన్న కాలనీ. మధ్యలో ఒక్క గోడ, అంతే తేడా. కానీ ఆ గోడ దాటితే వేరే దేశం. పేటలో తలుపు తీస్తే ఎదురింటివాళ్ళ వంటగది కనపడుతుంది. ఒకవైపు వెల్డింగు, ఒకవైపు కుట్టుమిషన్లు, ఎవరి పాట ఎవరి రేడియోలోదో తెలీదు. కాలనీలో చీమ నడిచినా వినపడుతుంది. ఇళ్ళన్నీ ఒకే ఎత్తు, గేట్లన్నీ ఒకే ఆకుపచ్చ.

నాకు కాలనీలో ఇల్లు నచ్చింది. దాని వెనక పక్కగా పొడుగాటి గది ఉంది, ఉత్తరం వైపు పెద్ద కిటికీ. కట్టుడు పళ్ళు చేసేదానికి అంతకన్నా ఏం కావాలి చెప్పు? పంటి రంగు సరిపోల్చాలంటే ఆ వెలుతురే కావాలి. ఇప్పుడున్న అద్దెగదిలో బల్బు కింద తెల్లగా కనిపించిన పన్ను డెంటిస్టు దగ్గరికి వెళ్ళేసరికి పసుపు పచ్చగా నవ్వుతోంది.

ఒకటే అనుమానం. కాలనీకి నలభై పేజీల నిబంధనల పుస్తకం ఉంది. ముందువైపు బట్టలు ఆరేయకూడదు, ప్రహరీ నడుము ఎత్తు దాటకూడదు, ఇలాంటివి. బ్రోకరేమో, "అమ్మా, ఆ పుస్తకం ఎవరూ చదవరు. అచ్చు వేసినవాడు కూడా చదివుండడు" అన్నాడు. మిగతా ఇళ్ళకన్నా ఇది చవగ్గా ఎందుకిస్తున్నారంటే మాత్రం, అమ్మేవాళ్ళకు తొందరట.

నీ మరిది రోజంతా బస్సు నడిపి వచ్చి "మీ అక్కనడుగు" అని పడుకున్నాడు. అడుగుతున్నాను.

నీ పిచ్చుక

*

పిచ్చుకా,

బ్రోకరు చదవలేదు కనక నువ్వు చదవాలి. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇల్లు నీదే అయినా అందులో నువ్వేం చేయొచ్చో చెప్పేది ఆ పుస్తకమే. ఇంట్లో పని చేసుకోవడం గురించి తప్పకుండా ఒక నిబంధన ఉంటుంది. అది వెతుకు. నీ పని సంగతి కాలనీ సెక్రటరీకి ముందే చెప్పి, ఆయన ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకో. నోటిమాట తీసుకుని ఇంటికి రాకు.

ఆదివారం చూసి మురిసిపోవడం కాదు, పనిరోజు పొద్దున వెళ్ళు. వాన కురిసిన మర్నాడు వెళ్ళు, నీళ్ళు ఎటు పోతున్నాయో చూడు. పక్కింటివాళ్ళతో మాట్లాడు. ఇల్లు బాగాలేకపోతే బాగు చేసుకోవచ్చు, పొరుగును బాగు చేయలేం.

దస్తావేజు, లేఅవుట్ ప్లాను నాకు పంపు. టౌన్ ప్లానింగ్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ప్లాన్ల మధ్య కళ్ళు అరగదీసుకున్నదాన్ని, అవి నా పని. నువ్వు వాటిలో తల దూర్చకు.

ఆ కాలనీ నాకు తెలిసిందే.

ప్రేమతో,
అక్క

*

ప్రియమైన అక్కకు,

నువ్వు "ప్లాను చూశాను, ఇబ్బందేం లేదు" అని కార్డు రాయగానే సంతకాలు పెట్టేశాం. గృహప్రవేశానికి రాలేదని నీ మీద కోపంగా ఉంది. నీ మోకాళ్ళను అడ్డం పెట్టుకుని ఎన్నాళ్ళు తప్పించుకుంటావో చూస్తాను.

సెక్రటరీ మా పక్కింటాయనే. డెబ్బై ఏళ్ళుంటాయి, చొక్కా నలగదు, జుట్టు చెదరదు. పుస్తకంలో పద్నాలుగో నిబంధన "నివాసంలో వ్యాపారం నిషిద్ధం" అంటోంది. ఆయన్ని అడిగాను. "మైనం, ప్లాస్టరు, చిన్న గ్రైండరు అంతేనా? చప్పుడు గోడ దాటకపోతే మాకేం అభ్యంతరమమ్మా?" అన్నాడు. రాసిమ్మన్నాను. "మనం మనం అనుకున్నాక కాగితాలెందుకు?" అని నవ్వాడు. అంత పెద్దమనిషిని మళ్ళీ అడగడానికి నోరు రాలేదు. తిట్టకు.

గ్రైండరు కింద రబ్బరు పరుపు వేశాను. గోడకు దళసరి తెర కట్టాను. నా బల్ల ఉత్తరం కిటికీ దగ్గర వేసుకున్నాను. అక్కా, పదిహేనేళ్ళ నా పనిలో మొదటిసారి పన్ను పన్నులా కనపడుతోంది. ఈ వారం ఒక ముసలావిడకు పై వరుస చేశాను. అద్దంలో చూసుకుని, "మా ఆయన పోయాక మళ్ళీ ఇప్పుడే నా ముఖం చూస్తున్నాను" అందట. డెంటిస్టు ఫోను చేసి చెప్పాడు.

నీ పిచ్చుక

*

అక్కా,

నోటీసు వచ్చింది. నకలు, నిబంధనల పుస్తకం ఇందులో పెట్టాను. ముప్ఫై రోజుల్లో నా "వ్యాపారం" ఎత్తేయాలట, లేకపోతే కోర్టుకు వెళతారట. కింద సంతకం ఎవరిదో చూడు. మనం మనం అనుకున్న పెద్దమనిషిదే.

అంతటితో అయిపోతే ఓర్చుకునేదాన్ని. ఆదివారం పొద్దున కాలనీ సమావేశం పెట్టాడు. ఇరవైమంది కూర్చున్నారు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచాడు, నగలేవో చూపించేవాడిలా. తరవాత సంచీలోంచి ఒక్కొక్కటి తీసి పేర్చాడు. దవడలు, అక్కా! నేను చెత్తబుట్టలో వేసిన ప్లాస్టరు అచ్చులు. నా చెత్త కెలికించాడు. "ఇది నివాసప్రాంతమా, పళ్ళ ఫ్యాక్టరీయా, మీరే చెప్పండి" అన్నాడు. ఎవరో, "సెక్రటరీగారూ, అవి కరుస్తాయేమో, దూరంగా జరగండి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ ఎలాగో పళ్ళు బయటపెట్టాను, ఏం చేయను? నీ మరిది లేచి "చెప్పే చేసుకున్నాం కదండీ, మీరు సరేనన్నారు కదా?" అని అడిగాడు. "నేనా? ఎప్పుడు? కాగితం చూపించండి" అన్నాడు.

చేతులెత్తమన్నాడు. ఇరవై చేతులు లేచాయి.

రెండు రోజులకు బ్రోకరు వచ్చాడు. మా ఇల్లు కొనడానికి "ఒకరు" సిద్ధంగా ఉన్నారట, మేం కొన్నదానికన్నా తక్కువకు. ఎవరని గట్టిగా అడిగితే నీళ్ళు నమిలి, చివరికి చెప్పాడు. సెక్రటరీ కూతురికట! పక్కపక్కన ఉండాలని ముందునుంచీ ఈ ఇంటి మీద కన్నేశాడు. అమ్మినవాళ్ళకు ఆయనంటే పడక, చవగ్గానైనా మాకిచ్చిపోయారు.

నాకు ఏడుపు రావడం లేదక్కా. వస్తే బాగుండును. పొద్దున లేచి ఆయన గ్యారేజీ తలుపు చప్పుడు విన్నప్పుడల్లా నా దవడ బిగుసుకుపోతోంది. ఆ మనిషిని వదలను. ఆయన పుస్తకంతోనే ఆయన్ని కొట్టాలి. ఎక్కడ కొట్టాలో నువ్వు చెప్పు. నీకు తెలీని రూలు లేదు కదా.

పిచ్చుక

*

పిచ్చుకా,

ముందు అన్నం తిను. తరవాత ఇది చదువు.

పద్నాలుగో నిబంధన కింద చిన్న అక్షరాల్లో ఉపనిబంధన ఉంది. బయటివాళ్ళు రాకుండా, బోర్డు పెట్టకుండా, చప్పుడు లేకుండా చేసుకునే పనికి కమిటీ మినహాయింపు ఇవ్వొచ్చు. ఇస్తుందని కాదు, ఇవ్వొచ్చు. దరఖాస్తు పెట్టు. చేతులెత్తినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళు, గ్రైండరు ఆన్ చేసి గోడ అవతల నిలబడి వినమను. సగంమంది సంతకం పెడతారు. గుంపులో నవ్వినవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు నవ్వరు.

ఎదుటివాళ్ళ గోడలు కొలవడం మొదలుపెడితే దానికి అంతుండదు. పగ పెట్టుకుంటే నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, చివరికి వేరే పని చేతకాకుండా పోతుంది. ఈ విషయంలో నా మాట విను.

లేఅవుట్ ప్లాను నకలు టౌన్ ప్లానింగ్ ఆఫీసులో ఎవరడిగినా ఇస్తారు. అడగొద్దని చెప్పడానికే రాస్తున్నాను.

నోటీసు మీద సంతకం చూశాను.

అక్క

*

ప్రియమైన అక్కకు,

అడగొద్దన్నావు కనక అడిగాను.

మినహాయింపుకు దరఖాస్తు పెట్టాను, పదకొండుమంది సంతకాలు పెట్టారు. సెక్రటరీ దాన్ని చూడకుండానే సొరుగులో పడేశాడు. ఆ చప్పుడు విని తిన్నగా ఆఫీసుకు వెళ్ళి ప్లాను తీసుకున్నాను. నీ మరిదిని టేపు రెండో కొస పట్టుకోమని మధ్యాహ్నమంతా కొలిచాం. ఆయన ఇంటికి, మా ఇంటికి మధ్య ఎనిమిది అడుగుల దారి ఉందక్కా! కాగితం మీద ఉంది. వీధిలోంచి వెనక గోడ దాకా, అక్కడినుంచి పాతపేటలోకి. "పౌరుల నడకదారి, మూయరాదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

పేటవాళ్ళు బస్సెక్కాలంటే ఇప్పుడు ఇరవై నిమిషాలు చుట్టూ తిరుగుతున్నారు. ఆ దారి ఉంటే మూడు నిమిషాలు. ఆ దారి మీదే ఆయన గ్యారేజీ కూర్చుంది.

నా పొడుగాటి గది కూడా సగం దానిమీదే ఉంది. పాత ఓనర్లు కట్టింది. ఇల్లు అంత చవగ్గా ఎందుకొచ్చిందో అసలు సంగతి ఇప్పుడర్థమైంది. ప్లాను చూశానన్నావు కదే, నీకెలా తప్పిపోయింది? కళ్ళజోడు మార్చు.

అర్జీ పెడితే రెండూ కూలుస్తారని ఆఫీసులో చెప్పారు. "మీ గది కూడా పోతుందమ్మా, ఆలోచించుకోండి" అన్నారు. ఆలోచించుకున్నాను. పోతే పోనీ. ఆయన గ్యారేజీ గోడ మీద మొదటి దెబ్బ పడేటప్పుడు నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఆ లేఅవుట్లో ఇల్లున్నవాళ్ళు అర్జీ పెడితేనే చెల్లుతుందట, కనక నేనే సంతకం పెట్టాను. సర్వే నంబర్లు తప్పులేకుండా ఉన్నాయేమో చూసి వెంటనే తిప్పి పంపు.

నీ పిచ్చుక

*

ప్రియమైన అక్కకు,

ఆ అర్జీ చింపెయ్.

నేను ప్లాను తీసుకున్న సంగతి ఎలా తెలిసిందో గానీ నిన్న సాయంత్రం సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు. చొక్కా నలిగి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. మినహాయింపు కాగితం తెచ్చాడు, కమిటీ అంతా సంతకాలు పెట్టి ఉంది. "మీ పని మీరు చేసుకోండి. నా గోడ జోలికి రాకండి. సమావేశంలో అలా చేసుండకూడదు" అన్నాడు. క్షమించమని అనలేదు. అయినా ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో చూశాను.

నా గది నాకు మిగిలింది. పేటవాళ్ళ సంగతి తలుచుకుంటే తల వంచుకోవాలనిపిస్తోంది, అది నిజం. కానీ ఆ కిటికీ దగ్గర బల్ల చూసుకుంటే గుండె నిబ్బరంగా ఉంది. మొదటినుంచీ నువ్వు చెప్పింది ఇదే కదా. నీకున్న ఓర్పులో కాస్త నాకూ వచ్చిందనుకో.

ఈ వారం నాలుగు సెట్లు చేయాలి. ఉంటాను.

నీ పిచ్చుక

*

పిచ్చుకా,

అర్జీ చింపెయ్యమన్న నీ ఉత్తరం గురువారం అందింది. అర్జీ శుక్రవారం పొద్దున నేనే ఆఫీసులో ఇచ్చాను. కింద నీ సంతకం ఉంది, అది చాలు. ఈ ఉత్తరం వెనకే కూల్చమని ఆర్డరు నీ చేతికి వస్తుంది.

కళ్ళజోడు మార్చక్కర్లేదు. ఆ దారి నాకు తప్పిపోలేదు. ఆ ముత్యాల్లాంటి అక్షరాలు నావే.

ఆ లేఅవుట్ గీసినప్పుడు నాకు ముప్ఫై ఏళ్ళు. మీ సెక్రటరీ అప్పుడు లేఅవుట్ వేస్తున్న కంపెనీలో ఇంజనీరు. నా బల్ల దగ్గరికి వచ్చి, "ఆ దారి చెరిపెయ్, పేటవాళ్ళు ఇటు నడిస్తే ప్లాట్లు అమ్ముడుపోవు" అన్నాడు. చెరపనన్నాను. "ఆడపిల్లవు, గీయమన్నది గీసి ఇంటికి పో" అన్నాడు. పదిమంది ముందు. చెరపలేదు. నెల తిరక్కుండా మా పైవాళ్ళకు చెప్పి నన్ను రికార్డుల గదికి పంపించాడు. కిటికీ లేని గది. తొమ్మిదేళ్ళు దుమ్ములో కట్టలు కట్టాను. పని తక్కువని నేనే అడిగి వెళ్ళానని మీ అందరికీ చెప్పాను. నా వెనక చేరినవాళ్ళు నాకు అధికారులయ్యారు. నా దగ్గు అక్కడిదే. మళ్ళీ పెన్ను పట్టుకునేసరికి నా గీత తిన్నగా రావడం మానేసింది.

దారి కాగితం మీద మిగిలింది. నేల మీద ఆయన గ్యారేజీ కట్టుకున్నాడు. అర్జీ పెట్టడానికి నాకు అక్కడ ఇల్లు లేదు.

నువ్వు ఆ కాలనీ గురించి రాసినప్పుడు వద్దనాల్సింది. నీ గది దారి మీద ఉందని దస్తావేజు, ప్లాను పక్కపక్కన పెట్టి చూడగానే తెలిసింది. అయినా ఇబ్బందేం లేదని కార్డు రాశాను. నోటీసు మీద ఆ సంతకం చూసిన రోజు, ఇన్నేళ్ళలో మొదటిసారి కడుపు నిండా తిన్నాను. పగ గురించి నీకు రాసినవన్నీ నిజాలే. ఎలా తెలుసునో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది.

నీ ఓర్పు నా దగ్గరనుంచి వచ్చిందన్నావు. నా దగ్గర అది ఎప్పుడూ లేదు.

క్షమించమని అడగను. అడిగితే, చేసినదానికి బాధపడుతున్నానని అర్థం. గదికి బాధపడుతున్నాను. గ్యారేజీకి కాదు.

అక్క

*

అక్కా,

రెండు నెలలు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను. కానీ అక్కడ ఉండాల్సినదానివి నువ్వు, చూసింది నేను. అది చెప్పి ఊరుకుంటాను.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి వచ్చారు. ముందు నా గది తీశారు. కిటికీ చట్రం ముక్క కాకుండా విప్పమని బతిమాలాను, విప్పారు. నీ మరిది దాన్ని భుజాన వేసుకుని వెళ్ళి పేటలో నేను అద్దెకు తీసుకున్న గదిలో పెట్టించాడు. ఆ గది తూర్పు ముఖం. మధ్యాహ్నం అయ్యేసరికి పళ్ళు మళ్ళీ పసుపు పచ్చగా నవ్వుతున్నాయి. నీ అర్జీ ధర అది, నేనే కడుతున్నాను.

తరవాత గ్యారేజీ. కుర్చీ వేసుకుని కూర్చుంటానన్నాను కదా, కూర్చున్నాను. అబద్ధమెందుకు, మొదటి దెబ్బకు ఒళ్ళంతా చల్లబడింది. నాలుగో దెబ్బకు మామూలైపోయింది. మధ్యాహ్నానికి వెనక గోడ పడగొట్టారు. అవతల పేటవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒక ముసలామె మందుల సంచీ పట్టుకుని ఇటుకల మీద అడుగు పెట్టి, "ఇటు వెళ్ళొచ్చా అమ్మా?" అని నన్నడిగింది. వెళ్ళొచ్చన్నాను. ఆవిడ వెనక మిగతావాళ్ళు. ఇప్పుడు రోజుకు రెండువందలమంది ఆయన కిటికీ కింద నడుస్తున్నారు, పాటలు పాడుకుంటూ, పోట్లాడుకుంటూ, ఉమ్మేస్తూ.

ఆ రోజు ఆయన వరండాలో నిలబడి ఉన్నాడు. నేనే దగ్గరికి వెళ్ళాను. మాట ఇచ్చి తప్పానని అనుకుంటాడని, అది నేను కాదని చెప్పాలని. నీ సంగతి మొత్తం చెప్పాను. ప్లాన్లు గీసే అమ్మాయి, దారి చెరపనంది, పదిమంది ముందు మీరలా అన్నారు, రికార్డుల గదికి పంపారు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు ఆలోచించాడు.

"ఎవరమ్మా ఆవిడ?" అన్నాడు.

నీ పేరు చెప్పాను. సన్నగా, పొడుగ్గా ఉండేదని, ఎడమచేత్తో గీసేదని చెప్పాను.

"అప్పట్లో ఆ ఆఫీసులో చాలామందిని అటూ ఇటూ మార్పించాం. ఎవరెవరో గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదమ్మా" అన్నాడు.

అబద్ధం కాదక్కా. నేను మనుషుల దవడలు చూసి బతికేదాన్ని. గుర్తు తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించాడు. రాలేదు.

ఈ ముక్క నీకు రాయొద్దని నీ మరిది బతిమాలాడు. "పెద్దావిడ, తట్టుకోలేదు. దాచేస్తే ఏం పోతుంది?" అన్నాడు. నిజమే, ఏమీ పోదు. నువ్వు నాకు ప్లాను బాగుందని కార్డు రాశావు చూడు, అలాగే నేనూ, ఆయన తల దించుకున్నాడని ఒక ముక్క రాసి పడేయొచ్చు. నువ్వు హాయిగా నిద్రపోతావు.

నాకు నువ్వు హాయిగా నిద్రపోవడం ఇష్టం లేదు.

ఆయనకు నువ్వు ఎవరో తెలీదు.

నీ చెల్లెలు